పొదుపు వేరు, పోగేయడం వేరు

పోయిన ఏడాది జూన్‌లో మా అమ్మాయిని ఇంటర్‌లో చేర్చే రోజు అది. పదిన్నరకు కాలేజీలో ఉండాలి. తొమ్మిదికి చూస్తే టీసీ లేదు. బీరువా లాకరులో వెతికాం, పరుపు కింద వెతికాం, దేవుడి గూట్లో వెతికాం. మా ఆయన స్టూలెక్కి వంటింటి అటక మీది సంచులు ఒక్కొక్కటే అందిస్తుంటే, నేనూ అత్తమ్మా నేల మీద కూర్చుని విప్పుతున్నాం. అమ్మాయి ఏడుపు ముఖంతో గడప దగ్గర నిలబడింది. పన్నెండు దాటాక దొరికింది. చీరల షాపు సంచిలో, ఎవరివో పాత పెండ్లి కార్డుల మధ్య.

కాలేజీలో ఏమీ అనలేదు. మరుసటి రోజు రమ్మన్నారు, చేర్చుకున్నారు. జరిగిన నష్టమంటూ ఏమీ లేదు. కానీ ఆ మధ్యాహ్నం వంటింట్లో బండలు కనపడకుండా పరుచుకున్న సామాను చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది. ప్రెషర్ కుక్కర్లు నాలుగు. మూడింటికి గ్యాస్కెట్ లేదు, ఒకదానికి మూతే లేదు. ఫంక్షన్లలో ఇచ్చిన స్టీలు డబ్బాలు నలభైకి పైన. ఐస్‌క్రీమ్ డబ్బాలు, వాటి నిండా రబ్బరు బ్యాండ్లు. ఫోన్లు ఆరు, ఛార్జర్లు పందొమ్మిది. రవిక గుడ్డలు అరవైమూడు, కూర్చుని లెక్కపెట్టాను. 2011 నాటి కరెంటు బిల్లులు. గడువు తీరిన మందులు ఒక చెప్పుల పెట్టె నిండా. ఇంత సామానున్న ఇంట్లో, పిల్లకు కావలసిన ఒక్క కాగితం మూడు గంటలు వెతికితే గానీ దొరకలేదు.

మేము దుబారా మనుషులం కాము. నేను బడిలో టీచర్ని, మా ఆయనకు విత్తనాల షాపు. కర్నూలు పాతబస్తీలో మామ కట్టిన ఇంట్లోనే ఉంటున్నాం. అనవసరంగా రూపాయి ఖర్చు పెట్టం, పనికొచ్చే వస్తువును పారేయం. మా ఇంటి గురించి నేను ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేది కూడా అదే. ఆ రోజు తర్వాత ఆలోచిస్తూ పోతే నాకు తెలిసొచ్చిందేమిటంటే, మేము పొదుపు అనుకుంటున్నది పొదుపు కాదు. పొదుపంటే ఉన్నదాన్ని చివరిదాకా వాడుకోవడం. మేము చేస్తున్నది వాడకుండా దాచడం. పైకి రెండూ ఒకేలా కనపడతాయి కాబట్టి ఇన్నేళ్ళూ మా మీద మాకు అనుమానం రాలేదు.

ఈ మాట అత్తమ్మతో అంటే ఆమె ఒప్పుకోలేదు. "అన్నమడుగుతుందా, నీళ్ళడుగుతుందా? మూలన పడుంటుంది. రేపు అక్కర పడితే యాడికి పోయి తెస్తావు?" అంది.

ఆమె మాటను నేను తీసిపారేయలేను. ఆమె పుట్టిల్లు కళ్యాణదుర్గం పక్కన పల్లె. అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా కలిపి ఓ 550 మిల్లీమీటర్లు పడితే అది మంచి సంవత్సరమే. ఆ పడేది కూడా శనక్కాయ చేనుకు కావలసిన రోజున పడదు. 1876లో మొదలైన ధాతు కరువు గురించి వాళ్ళ అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిన మాటలు అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటి నేల మీద పుట్టిన మనిషికి దాచడం అంటే బతకడమే. దాన్ని జబ్బు అనడానికి నాకు నోరు రాదు.

కానీ ఆమె వాళ్ళింటి జొన్నల పాతర గురించి చెప్పేటప్పుడు నేను ఒక సంగతి గమనించాను. ఇంటి ముందర నేలలో తవ్విన పాతర. నోరు ఇరుకు, లోపల మనిషి తిరిగేంత వెడల్పు. అడుగునా చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టి కప్పేవాళ్ళట. తీసే రోజు ఎవ్వరినీ వెంటనే దిగనిచ్చేవాళ్ళు కాదు. మూసి ఉన్న పాతరలో గాలి విషమవుతుంది, దిగిన మనిషి పైకి రాడు. అందుకని బండ తీసి చాలాసేపు వదిలేసి, తాడుకు దీపం కట్టి దించేవాళ్ళు. దీపం ఆరకుండా వెలిగితేనే మనిషి దిగడం. ఏ పాతరలో ఎన్ని పుట్లు ఉన్నాయో, ఏ సంవత్సరం జొన్నలో, ముందు ఏది తీయాలో వాళ్ళ నాయనకే కాదు, ఎనిమిదేళ్ళ అత్తమ్మకు కూడా తెలుసు. ఇప్పటికీ చెబుతుంది.

"మరి మన అటక మీద ఏముందో చెప్పు అత్తమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుంది. ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. దాచినవాళ్ళకే లెక్క తెలియని దాన్ని అక్కర పడిన రోజు ఎవరు తీస్తారు? కుక్కర్ గ్యాస్కెట్ పోయినప్పుడల్లా మేము ఇంకో కుక్కర్ కొన్నాం. పైన మూడున్నాయని ఎవరికి గుర్తుంది?

మన పెద్దవాళ్ళ ఇళ్ళల్లో వస్తువు ఒకచోట నిలిచేది కాదు, అదీ తేడా. మా అవ్వ ఇంట్లో నూలు చీర సంగతి చెబుతాను. కొత్తది ఊరికి పోయేటప్పుడు కట్టుకునేది. రంగు వెలిసినాక ఇంట్లో కట్టుకునేది. అంచు చిరిగితే ఇంట్లో ఎవరో ఒకరి బిడ్డకు ఉయ్యాల అయ్యేది. ఆ తర్వాత అలాంటివే నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యాహ్నం పూట ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు నాలుగు మూలలా కూర్చుని బొంత కుట్టేవాళ్ళు. దబ్బనం, లావు దారం, బారు కుట్లు. ఆ బొంత పదేళ్ళు కప్పుకున్నాక మసిగుడ్డలయ్యేది. అవ్వ ఇంట్లో బట్టల బీరువా లేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక దండెం, అంతే.

ఈ రోజు నా చీరలతో బొంత కుట్టించమంటే కుట్టేవాళ్ళే వద్దంటున్నారు. నావి ముప్పాతిక వంతు పాలియెస్టరు. పొర మీద పొర నిలవదు, జారిపోతుంది. చెమట పీల్చదు. మసిగుడ్డకు కూడా పనికిరాదు, నీళ్ళు పట్టదు. చిరగదు కాబట్టి పారేయడానికి మనసు రాదు. మరి అది ఎక్కడికి పోవాలి? అటక మీదికే.

ఇత్తడి సంగతీ అంతే. నా చిన్నప్పుడు మా వీధికి కళాయి వేసే ఆయన వచ్చేవాడు. చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తితో గాలి కొట్టేవాడు. గిన్నె బాగా కాగినాక నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. నల్లగా ఉన్న గిన్నె లోపల కళ్ళ ముందే వెండిలాగ మెరిసేది. మాకు అది ఎన్నిసార్లు చూసినా చాలేది కాదు. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుంది, అందుకని తప్పకుండా వేయించేవాళ్ళు. గిన్నెకు చిల్లు పడితే మాటు వేయించేవాళ్ళు. ఇక పనికిరాదనుకుంటే తూకానికి ఇచ్చి, కొంత డబ్బు కట్టి కొత్తది తెచ్చుకునేవాళ్ళు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె నెలకోసారి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. పాత పేపర్లు కిరాణా కొట్టుకు పోయి పొట్లాలయ్యేవి. ప్రతి వస్తువుకూ ఇంట్లోకి వచ్చే దారి ఒకటుంటే బయటికి పోయే దారి ఒకటుండేది.

మన ఇళ్ళకు ఇప్పుడు వచ్చే దారులు నాలుగింతలైనాయి. ఫోన్లో నొక్కితే అట్టపెట్టె గుమ్మంలోకొస్తుంది. పోయే దారులే ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. గిన్నెకు మాటు వేసే ఆయన లేడు, కళాయి ఆయన లేడు, గంప ఆమె ఏడాదికోసారి కూడా రావడం లేదు. ఇంట్లో సామాను పేరుకుపోవడానికి మన ఆశ ఒక్కటే కారణమని తిట్టుకునేవాళ్ళను చూస్తే అందుకే నాకు ఒప్పుదల కాదు. ఆశ మన పెద్దవాళ్ళకూ ఉంది.

సున్నం గురించి కూడా చెప్పాలి. మా చిన్నప్పటి మిద్దె ఇండ్లకు ఏటా ఉగాదికి ముందు సున్నం కొట్టాల్సిందే. డ్రమ్ములో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోస్తే అది కుతకుత ఉడికేది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. చల్లారినాక నీలిమందు, జిగురు కలిపేవాళ్ళు. గోడ కింద జాజు పట్టీ. ఈ పని జరగాలంటే ఇంట్లో చేట దగ్గర్నుంచి గరిసె మూత దాకా అన్నీ బయట పడాలి. ఆ పొద్దు వాకిట్లోకొచ్చిన సామానంతా ఎండలో పడేది, అందరి కంటా పడేది. "ఇది ఇంకెందుకు?" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. "మాకియ్యండి" అని పక్కింటివాళ్ళు అడిగేవాళ్ళు. సాయంత్రం లోపలికి పోయేది పొద్దున బయటికొచ్చినంత ఉండేది కాదు. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, అది పండగ పని. ఇప్పుడు మా గోడలకు ఎమల్షన్ పెయింటు. పదేళ్ళకోసారి వేస్తే సరిపోతుంది. పదేళ్ళకోసారే ఇల్లు ఖాళీ అవుతుంది.

మా ఇల్లు ఒకసారి మేము ఖాళీ చేయకుండానే ఖాళీ అయింది. 2009 అక్టోబరు 2. అంతకుముందు మూడు నాలుగు రోజులుగా పైన కృష్ణా, తుంగభద్రల మీద ఎడతెగని వాన. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చిందని తర్వాత తెలిసింది. ఊరి పక్కన ఒకవైపు తుంగభద్ర, ఒకవైపు హంద్రీ. రెండూ కలిసేది మా పాతబస్తీ పక్కనే. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగు నెలలు. చంకన పిల్ల, చేతిలో పాలపొడి డబ్బా, అంతే నేను మిద్దె మీదికి తెచ్చింది. కింద ఒక్కో మెట్టూ నీళ్ళల్లోకి పోతుంటే మామ మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

నీళ్ళు తీసినాక లోపలికి పోతే మోకాళ్ళ దాకా బురద. ఫ్రిజ్ వెల్లకిలా పడి వంటింటి వాకిలికి అడ్డంగా ఉంది. బియ్యం ఉబ్బి బస్తా పగిలి కుళ్ళు వాసన. బేతంచెర్ల బండలు కడిగితే బాగైనాయి. స్టీలు, ఇత్తడి, రుబ్బురోలు బాగైనాయి. పరుపులు, చెక్క బీరువా, పుస్తకాలు, బట్టలు వీధిలో వేశాం. మేమే కాదు, మా వీధి పొడుగునా ఇంటింటి ముందరా అట్లాంటి కుప్పలే. జేసీబీలు వచ్చి ఎత్తుకుపోయాయి. ఆ కుప్పలో నా డిగ్రీ సర్టిఫికెట్లున్నాయి, మామ ఇంటి దస్తావేజులున్నాయి. నకళ్ళ కోసం ఏడాదికి పైన తిరిగాం.

అంత జరిగినాక మేము నేర్చుకోవాల్సింది ఒకటి, నేర్చుకున్నది ఇంకొకటి. పైన గదులు వేసుకున్నప్పుడు ప్రతి గదికీ రెండు వైపులా అటకలు పెట్టించాం. మళ్ళీ నీళ్ళొస్తే సామాను పైన ఉండాలని మామ పట్టుబట్టాడు. ఆ అటకలు నిండడానికి మూడేళ్ళు పట్టలేదు. పోగొట్టుకున్నవాళ్ళం కదా, ఏదీ వదులుకునే ధైర్యం లేదు. విరిగిన కుర్చీ కూడా మాకు కొంచెం భరోసాగానే కనపడింది. కర్నూలులో నాకు తెలిసిన చాలా ఇళ్ళల్లో ఇదే జరిగింది. ఆ రాత్రి మేము నిజంగా వెతుక్కున్నవి ఏవి? మనుషులు, బిడ్డ పాలు, మామ బీపీ మాత్రలు, కాగితాలు. ఇవన్నీ ఒక్క చేతి సంచిలో పడతాయి. ఆ ఒక్క సంచి మాత్రం పదిహేనేళ్ళుగా మా ఇంట్లో లేదు. అటకలు ఎనిమిదున్నాయి.

ఇప్పుడు ఉంది. వాకిలి పక్క మేకుకు తగిలించాను. జిప్పున్న ప్లాస్టిక్ ఫైలులో దస్తావేజులు, సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు, రేషను కార్డు. ఆధార్, లైసెన్సు లాంటివి అందరి ఫోన్లలో డిజిలాకర్‌లో కూడా పెట్టించాను. ఈ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఐదుగురికీ తెలుసు. ఇంతకు ముందు అన్నీ ఎక్కడున్నాయో తెలియాల్సింది నాకొక్కదానికే.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇదే. ఒక వస్తువు ఇంట్లో ఉందంటే దాన్ని తోమాలి, తుడవాలి, ఎత్తాలి, దించాలి, ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. మా ఇంట్లో ఈ ఐదు పనులూ చేసేది నేనూ అత్తమ్మా. "ఉండనీలే, ఎందుకైనా మంచిది" అనేది మాత్రం అందరూ. వరలక్ష్మీ వ్రతానికి అటక మీది ఇత్తడి దించుతాం. చింతపండు, ఉప్పు వేసి తోముతాం. పూజ గంటసేపు. మళ్ళీ కడిగి, ఆరబెట్టి, గుడ్డతో తుడిచి, పేపర్లు చుట్టి పైకెక్కిస్తాం. అత్తమ్మకు 74 ఏళ్ళు, భుజం పైకి లేవదు. నేను బడి నుంచి వచ్చేసరికి ఐదు. ఆదివారాలు ఎటు పోతున్నాయా అని నాకు నేనే ఎన్నోసార్లు అనుకున్నాను. ఆదివారాలు ఈ సామాను కిందికే పోయాయి. అన్నం అడగదు, నీళ్ళు అడగదు, నిజమే. మన చేతుల్ని అడుగుతూనే ఉంటుంది.

అందుకని ఇల్లు సర్దుకోవడం గురించి వీడియోల్లో చెప్పే పద్ధతులు నాకు ఎక్కలేదు. తెల్లటి అల్మరాలు, ఒకే కొలత గాజు సీసాలు కొనుక్కుని మొదలుపెట్టమంటారు. ఇల్లు తేలిక చేసుకోవడానికి కొనడంతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఏడాదిగా వాడలేదంటే తీసేయమంటారు. మా పెద్ద గంజిగుడ్డ, పెసరట్ల పెద్ద పెనం, చుట్టాలొస్తే పరిచే జంపఖానాలు రెండేళ్ళకోసారి కూడా బయటికి రావు. వచ్చిన రోజు అవి లేకపోతే జరగదు. ఆ పద్ధతులు ఒంటరిగా ఉండేవాళ్ళకు చెల్లుతాయేమో. ఒక వస్తువు మీద అత్తకు, కోడలికి, ఊళ్ళో ఉన్న ఆడబిడ్డకు కూడా హక్కున్న ఇంట్లో ఏది ఉంచాలో ఒక్క మనిషి మనసు చెప్పలేదు.

ఈ ఉగాదికి వారం ముందు మేము సున్నం కొట్టినట్టే చేశాం, సున్నం ఒక్కటే లేదు. రోజుకొక గది. గదిలో ఉన్నదంతా వరండాలోకి. సాయంత్రం లోపలికి పోవాలంటే ఒకే ఒక షరతు: ఆ వస్తువు కావాలన్న మనిషే దాన్ని తుడిచి, మోసుకుపోయి, దాని చోట పెట్టాలి. ఇంకొకరికి చెప్పకూడదు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, వాడు మొదటి రోజు తన మూడు పాత స్కూలు బ్యాగులూ కావాలన్నాడు. తడిగుడ్డ చేతికిస్తే ఒకటి తుడిచి, మిగతా రెండూ వద్దన్నాడు. మా ఆయన షాపు డైరీలు 2004 నుంచీ ఉన్నాయి. రెండు విడతలు మోసి మూడో విడతకు కూర్చుండిపోయి, "ఈ అయిదేళ్ళవి చాలు" అన్నారు. నేను నా బీఈడీ నోట్సులు మోసుకుని మెట్ల మధ్యలో ఆగి వెనక్కి తెచ్చి తూకం కుప్పలో వేశాను. ఎవరినీ ఎవరం ఒక్క మాట అనాల్సిన అవసరం రాలేదు.

స్టీలు సామాను రోజు మాత్రం పని సాగలేదు. అత్తమ్మ ఒక్కో గిన్నె తీసుకుని, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల మీద బొటనవేలు పెట్టి చదువుతూ కూర్చుంది. ఇది మీ పెద్దమామ పెండ్లిది, 1984. ఇది ఫలానా వాళ్ళ గృహప్రవేశం. ఇది మీ ఆడబిడ్డ సీమంతానికి వాళ్ళ అత్తగారు పెట్టింది. కొన్ని పేర్లు అరిగిపోయి చదవడానికి రాలేదు. వాటిని వెలుతురుకు వాల్చి చూసింది. కొన్ని గిన్నెల మీద పేరున్న మనుషులు ఇప్పుడు లేరు. ఒక చిన్న చెంబు మీద తన పేరే ఉంది, వాళ్ళ నాయన కొట్టించిన తేదీతో. నేను గడియారం చూడటం మానేసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ మధ్యాహ్నమంతా మేము తొమ్మిది గిన్నెలు దాటలేదు. దాటాల్సిన అవసరం లేదని కూడా నాకు అనిపించింది. మరుసటి రోజు ఆమే పదకొండు తీసి పక్కన పెట్టుకుని, "ఇవి నాకు. మిగతావి మీ ఇష్టం" అంది.

మిగిలిన వాటిలో బాగున్న పళ్ళేలు, గ్లాసులు తోమి మా బడికి తీసుకుపోయాను. మధ్యాహ్న భోజనానికి పళ్ళెం తెచ్చుకోలేని పిల్లలుంటారు. పెద్ద ఇత్తడి గంగాళం మా ఆయన ఊళ్ళో రామాలయానికి పంపారు, అక్కడ ఏటా శ్రీరామనవమికి పానకం కలపడానికి అద్దెకు తెచ్చుకుంటున్నారట. మూత లేనిది, చిల్లు పడినది, చిరిగినది ఎవరికీ ఇవ్వలేదు. అట్లాంటివి ఇవ్వడం మన చెత్తను ఇంకొకరి ఇంట్లో పెట్టడమే. అవి తూకానికి పోయాయి. రవిక గుడ్డల్లో నూలువి పన్నెండు బయటపడితే అమ్మాయి దిండు గలేబులు కుట్టింది. మిగతావి పేరంటాలకు మళ్ళీ తిరుగుతాయి. మన ఇళ్ళల్లో ఇంకా ఆగకుండా తిరుగుతున్న వస్తువు ఏదన్నా ఉందంటే రవిక గుడ్డే.

మందులు, బ్యాటరీలు, పాత ట్యూబులైట్లు మామూలు చెత్తలో వేయకూడదు. ఘన వ్యర్థాల నియమాలు వీటిని విడిగా ఇవ్వాలంటున్నాయి. మేము పొడి చెత్తతో కలపకుండా వేరే సంచిలో కట్టి, బండి ఆయనకు చెప్పి ఇచ్చాం. ఆరు ఫోన్లలో రెండింటి బ్యాటరీలు ఉబ్బి ఉన్నాయి. అవి ఇన్నాళ్ళూ వంటింటి అటక మీద ఉన్నాయి, ఎండాకాలం 43 డిగ్రీల వేడిలో. దాని గురించి ఎక్కువ ఆలోచించడానికి భయమేసింది.

మిద్దె పైభాగం చివర్లో చేశాం, మొదట చేయాల్సింది అదే. మూడేళ్ళ కిందట అబ్బాయికి డెంగీ వచ్చింది. ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్త తిన్నగా మిద్దె ఎక్కి, పాత కూలర్ అడుగు భాగంలో నిలిచిన వాన నీళ్ళు చూపించింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. వంగి చూస్తే వెంట్రుకల్లాంటి పురుగులు వంకర్లు తిరుగుతూ కదులుతున్నాయి. ఆ దోమ మురికి నీళ్ళల్లో కాదు, ఇట్లాంటి మంచి నీళ్ళల్లోనే పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి పది రోజులు చాలు అంది. గుడ్లు గోడకు అంటుకుని, నీళ్ళు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయట. అందుకని ఒంపేస్తే చాలదు, పీచు పెట్టి రుద్దాలి. అప్పుడు రుద్దాం. కానీ కూలర్‌ను మాత్రం పారేయలేదు, బోర్లించి ఉంచాం, ఎప్పుడైనా మోటారు పనికొస్తుందని. బిడ్డను ఆస్పత్రిలో ఐదు రోజులు పెట్టుకుని వచ్చిన తర్వాత కూడా మాకు చేతులు రాలేదంటే ఈ అలవాటు ఎంత లోతుగా ఉందో చూడండి. ఈసారి అది మిద్దె దిగింది.

ఇల్లు ఇప్పుడు వీడియోలో ఇల్లులాగ ఏమీ లేదు. వంటింటి గూట్లో డబ్బాలు ఒకదాని కొలత ఒకదానికి లేదు. ఎనిమిది అటకల్లో మూడు పూర్తిగా ఖాళీ, ఒకటి ఇంకా తెరవనే లేదు. అయినా ఆదివారం పొద్దున నేను ఉగ్గాని చేసుకుని, వరండాలో కూర్చుని, పిల్లలతో తిని, చదువుకోవడానికి ఒక పుస్తకం తీసుకోగలుగుతున్నాను. అత్తమ్మ మధ్యాహ్నం పడుకుంటోంది. మా ఇంట్లో ఆడవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం పడుకోవడం నేను పెండ్లయి వచ్చినాక చూడలేదు.

ఆఖరి రోజు ముందుగదిలోది బయటికి తీస్తుంటే సోఫా వెనక ఒక రేకు పెట్టె దొరికింది. మామది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. లోపల ఆయన రేడియో, నడవని చేతి వాచీ, వరదలో తడిసి పేజీలన్నీ ఒకటికొకటి అంటుకుపోయిన పెండ్లి ఆల్బం. విడదీయబోతే ఫోటోల మీది బొమ్మ ఊడి ఎదురు పేజీకి వచ్చేస్తుంది కాబట్టి పదిహేనేళ్ళుగా ఎవరూ విప్పలేదు. ఏ లెక్కన చూసినా పనికిరానిదే. నేను ఏమీ అనలేదు. సాయంత్రం అందరం ఎవరివి వాళ్ళం మోసుకుంటున్నప్పుడు మా ఆయన తడిగుడ్డ తీసుకుని ఆ పెట్టెను నాలుగు వైపులా తుడిచారు. మూల సందుల్లో ఎండిపోయి ఉన్న వరద మట్టిని అగ్గిపుల్లతో గీకి తీశారు. రెండు చేతులా పట్టుకుని లోపలికి తెచ్చి, అటక వైపు చూసి, పైకి ఎక్కించకుండా తన మంచం పక్కన పెట్టుకున్నారు.